పాటకెక్కిన పోరాటం - లెక్కకెక్కని మనిషి

జాతీయోద్యమ సాహిత్యం గురించి రాసేటప్పుడు మన విమర్శకులకు ఒక మూటగట్టే అలవాటు ఉంది. చీరాల-పేరాల, పెదనందిపాడు, పలనాడు అని మూడు పేర్లను ఒక్క ఊపిరిలో చెబుతారు. మూడింటికీ కలిపి 'పన్నుల నిరాకరణోద్యమం' అని చీటీ అంటిస్తారు. ఆ వెంటనే గరిమెళ్ళ పాటను తలుచుకుని, ఆనాటి సాహిత్యం జాతిని మేల్కొలిపిందని చెప్పి ముగిస్తారు. ఎం.ఏ. పరీక్షలో పదిహేను మార్కుల ప్రశ్నకు అది చాలు. సాహిత్యానికీ పన్నుకూ ఉన్న సంబంధం తెలుసుకోదలచిన వాడికి మాత్రం అది చాలదు. ఎందుకంటే ఆ మూడు చోట్లా ప్రజలు నిరాకరించినవి మూడు వేరు వేరు పన్నులు. చీరాలలో ఇంటి పన్ను. పెదనందిపాడులో భూమి శిస్తు. పలనాడులో పుల్లరి. ఈ మూడూ కట్టే మనుషులు ఒకరు కారు, నిరాకరించిన పద్ధతి ఒకటి కాదు, దానికి చెల్లించిన మూల్యం అసలే ఒకటి కాదు.

పన్ను ఎలాంటిదో, దాన్ని ధిక్కరించే తీరూ అలాగే ఉంటుంది. ఈ సంగతి మన చరిత్రకారులకు కొంతవరకు తెలుసు. మన సాహిత్యకారుల్లో చాలామంది దీన్ని పట్టించుకోలేదు. ఈ వ్యాసంలో నేను చెప్పదలచింది ఇదే.

మొదట చీరాల. చీరాల, పేరాల, జాండ్రపేట, వీరరాఘవపేట కలిసి ఒక యూనియన్‌గా ఉన్నంతకాలం ఏడాదికి సుమారు 4,000 రూపాయల పన్నుతో గడిచిపోయేది. మద్రాసు ప్రభుత్వం వాటిని కలిపి మునిసిపాలిటీ చేసింది. పన్ను దాదాపు పది రెట్లయింది. జనాభా చూస్తే సుమారు 15,000. అందులో ఎక్కువమంది మగ్గం మీదా, రోజుకూలి మీదా బతికేవాళ్ళు. మునిసిపాలిటీ వస్తే దీపాలొస్తాయి, రోడ్లొస్తాయి అన్నది ప్రభుత్వ వాదం. దీపం వెలిగేది ఎవరి వీధిలో, దానికి చమురు పోసేది ఎవరు అన్నది ప్రజల వాదం. అప్పటికి మాంటేగు-చెమ్స్‌ఫర్డు సంస్కరణల కింద స్థానిక స్వపరిపాలన శాఖ భారతీయ మంత్రి చేతికి వచ్చింది. జస్టిస్ పార్టీకి చెందిన పానగల్లు రాజా ఆ మంత్రి. కాబట్టి చీరాల ప్రజలు ధిక్కరించింది తెల్లదొరను మాత్రమే కాదు. స్వపరిపాలన అన్న పేరు పెట్టుకుని వచ్చిన ఒక పన్నును. 'మన వాళ్ళ' చేతుల మీదుగా వచ్చిన పన్నును. మన దేశభక్తి గీతాల్లో ఈ మెలిక ఎక్కడా కనిపించదు. అది కనిపిస్తే పాట అంత సులువుగా నడవదు మరి!

1921 ఏప్రిల్ 6న గాంధీ చీరాల వచ్చాడు. ఆయన రెండు దారులు చూపించాడు. పన్ను కట్టక, వచ్చిన శిక్షను శాంతంగా అనుభవించడం ఒకటి. మునిసిపల్ హద్దులే వదిలిపెట్టి వెళ్ళిపోవడం రెండోది. దుగ్గిరాల గోపాలకృష్ణయ్య నాయకత్వంలో ప్రజలు రెండోది ఎంచుకున్నారు. 13,000 మందికి పైగా ఊరు ఖాళీ చేసి, హద్దు అవతల పందిళ్ళూ పాకలూ వేసుకుని, దానికి రామనగరం అని పేరు పెట్టుకుని, పదకొండు నెలల పాటు ఎండకూ వానకూ ఓర్చుకున్నారు. ఇంటి పన్నుకు ఇల్లే ఆధారం గనుక ఇంటినే వదిలేశారు. శాసనోల్లంఘనం అన్న మాటకు ఇంతకంటె తేటయిన అర్థం నాకు ఎక్కడా కనిపించలేదు. శాసనాన్ని దాటడమంటే వాళ్ళు నిజంగానే శాసనం హద్దురాయిని దాటారు.

దుగ్గిరాల ఎడింబరోలో చదివి వచ్చినవాడు, పాటా పద్యమూ నాలుక చివర ఉన్నవాడు, హాస్యప్రియుడు. ఆయన రామదండు గురించీ, ఆయన చాటువుల గురించీ మనకు కావలసినంత సాహిత్యం ఉంది. ఆయన ఉపన్యసించరాదన్న ఆంక్షను ధిక్కరించి జైలుకు పోవడం, ఆ తర్వాత ప్రజలు క్రమంగా ఇళ్ళకు తిరిగి రావడం కూడా నాయకుడి జీవితకథలో భాగంగానే మనకు అందింది. ఒక నేతగాడి కోణంలోంచి ఆ పదకొండు నెలల్ని చెప్పిన రచన ఏది? గుంటమగ్గం ఇంటి నేలలో పాతుకుని ఉంటుంది. దాన్ని నెత్తిన పెట్టుకుని పోలేం. పాకలో మళ్ళీ గుంట తవ్వారా? వాన పడితే నూలు ఏమయింది? పడుగు ఎక్కడ ఆరేశారు? అరువు ఇచ్చే షావుకారు రామనగరంలో కూడా అరువు ఇచ్చాడా, ఇస్తే ఏ వడ్డీకి? పురుడు వచ్చిన ఇంట్లో ఏం చేశారు? పన్ను కట్టనందుకు జైలు చూసిన రావూరి అలమేలమ్మ పేరు చరిత్ర పుస్తకాల్లో ఒక్క వాక్యంగా మిగిలింది. ఆ ఒక్క వాక్యంలోనే ఒక నవలకు సరిపడా వస్తువు ఉంది. పురాణ స్త్రీల ప్రాతివ్రత్యం మీద ఖండకావ్యాలు రాసిన చేతులు ఆమెను తాకలేదు.

రెండోది పెదనందిపాడు. ఇక్కడ కథ వేరు. అప్పటి బాపట్ల తాలూకాలోని ఈ ఫిర్కాలో 1921 చివర, 1922 మొదట్లో రైతులు భూమి శిస్తు కట్టమన్నారు. పర్వతనేని వీరయ్య చౌదరి నాయకుడు. శాంతిసేన పేరుతో వేల సంఖ్యలో స్వచ్ఛంద సేవకులు కదిలారు. మునసబులూ కరణాలూ రాజీనామా ఇచ్చారు. వంశపారంపర్యంగా వచ్చే ఆ కొలువు ఆ రోజుల్లో ఎకరాల కంటె విలువైన ఆస్తి. దాన్ని వదులుకోవడం చిన్న త్యాగం కాదు. రుథర్‌ఫర్డు అనే అధికారిని ప్రత్యేకంగా పంపారు. రెండేళ్ళ తర్వాత మన్యంలో అల్లూరి సీతారామరాజును వేటాడిన వ్యవహారాన్ని నడిపిందీ ఇతనే. జప్తులు మొదలయ్యాయి. గొడ్డూ గోదా తోలుకొచ్చి వేలం వేస్తే పాట పాడేవాడు లేకపోయాడు.

ఇక్కడ కాస్త ఆగుతాను. వేలంలో ధర చెప్పడాన్ని తెలుగువాడు 'పాట' అంటాడు. పెదనందిపాడు పోరాటమంతా ఆ పాట పాడకపోవడంలో ఉంది. పక్కవాడి ఎద్దు కారుచౌకగా వస్తుందని తెలిసి కూడా నోరు మూసుకుని నిలబడిన రైతు, ఆ క్షణంలో తన వర్గంలో తరతరాలుగా పాతుకుపోయిన ఆశను జయించాడు. పొరుగువాడి నష్టంలో లాభం వెతికే స్వభావాన్ని, ఒక్క సీజను పాటయినా సరే, పక్కకు నెట్టాడు. ఇది మహా నాటకీయమైన సన్నివేశం. అయినా మన కవులు ఎన్ని పాటలు కట్టినా, ఈ పాడని పాట మీద ఒక్కటి కూడా నా కంటపడలేదు. వాళ్ళకు ఉపన్యాస వేదిక కనిపించింది, కొల్లాయి కనిపించింది, రాట్నం కనిపించింది. దొడ్డి ముందు గుమిగూడిన మౌనం కనిపించలేదు.

అయితే పెదనందిపాడు గురించి మరో ప్రశ్న కూడా వేసుకోవాలి. దాన్ని వేయడానికి అభ్యుదయ విమర్శకులు కూడా మొహమాటపడుతున్నారు. రైత్వారీ పద్ధతిలో శిస్తు కట్టేవాడు పట్టాదారు. ప్రభుత్వం లెక్కలో అతని పేరే ఉంటుంది. అతని పొలంలో నాగలి పట్టే పాలేరుకూ, నాటు వేసే కూలిదానికీ, కౌలు చేసేవాడికీ ఆ పుస్తకంలో చోటు లేదు. కట్టననడానికి ముందు మనిషికి కట్టేంత ఆస్తి ఉండాలి. మాలపల్లెలోనూ మాదిగపల్లెలోనూ ఉన్నవాళ్ళు ఏం నిరాకరిస్తారు? శిస్తు కట్టకుండా మిగిలిన డబ్బులో వాళ్ళ కూలికి ఒక గింజ అయినా కలిసిందా? మునసబు, కరణాలతో పాటు గ్రామ నౌకర్లు కూడా కొలువులు వదిలారు. మునసబు రాజీనామాకూ వెట్టివాడి రాజీనామాకూ వెనక ఉండే గాదె ఒకటేనా? ఈ ప్రశ్నలు ఆ పోరాటాన్ని చిన్నబుచ్చడానికి వేస్తున్నవి కావు. ఒక పోరాటంలో ఉన్న వర్గ స్వభావాన్ని చెప్పుకోవడం దాన్ని అవమానించడమవుతుందనే భయం మన సాహిత్యాన్ని చాలాకాలం పసితనంలోనే ఉంచింది.

1922 ఫిబ్రవరి 4న చౌరీచౌరా జరిగింది. ఆ నెల రెండో వారంలో బార్డోలీ తీర్మానంతో శాసనోల్లంఘన ఆగిపోయింది. పెదనందిపాడు రైతులు శిస్తులు కట్టేశారు. ఇక మిగిలింది పలనాడు.

పలనాటి సంగతి పన్నుల్లోకెల్లా క్రూరమైన పన్నుది. 1882 మద్రాసు అటవీ చట్టం తర్వాత, తాతల నాటి నుంచి పశువులు మేసిన అడవి సర్కారు అడవి అయింది. మేతకు పుల్లరి కట్టాలి. కట్టకపోతే పశువు బందెలదొడ్డికి పోతుంది. విడిపించుకోవడానికి మళ్ళీ డబ్బు. కరువొచ్చిన ఏడు పొలంలో గడ్డి ఉండదు గనుక అడవే దిక్కు. అంటే పంట లేని ఏడే పన్ను ఎక్కువ కొరుకుతుంది. శిస్తుకు రెమిషన్ అడగొచ్చు. గడ్డిపోచకు రెమిషన్ ఎక్కడిది? అక్కడి ప్రజలు పుల్లరి కట్టకుండా పశువుల్ని అడవిలోకి తోలారు. మించాలపాడు కన్నెగంటి హనుమంతు వాళ్ళకు ముందు నిలిచాడు. పోలీసు తూటాలకు ఆయన నేలకొరిగింది 1922 ఫిబ్రవరి చివరి వారంలో.

తేదీలు మళ్ళీ ఒకసారి చూడండి. బార్డోలీ తీర్మానం రెండో వారం. హనుమంతు మరణం చివరి వారం. ఉద్యమం 'ఆగిపోయిన' తర్వాతనే ఆయన చచ్చిపోయాడు. తీర్మానం చేసినవారికి ఆపడం సాధ్యమైంది. శిస్తు బకాయి కట్టేసి పట్టా నిలుపుకున్న రైతుకూ సాధ్యమైంది. పశువుకు ఆకలి ఆగదు గనుక పలనాటి రైతుకు సాధ్యం కాలేదు. పదో తరగతి పిల్లలకు జాతీయోద్యమం పాఠం చెప్పేటప్పుడు ఈ రెండు తేదీలనూ బోర్డు మీద పక్కపక్కన రాస్తుంటాను. 'మరి ఆయనకు ఎవరూ చెప్పలేదా సార్, ఆపేశారని?' అని ఒక పిల్ల అడిగింది. మన వీరగాథలు రాసినవారెవరూ అడగని ప్రశ్న అది. హనుమంతు కథను వేదికల మీద ఇప్పటికీ చెప్పుకుంటున్నారు. అందులో ఆయన పలనాటి వీరచరిత్రలోంచి నడిచివచ్చిన బ్రహ్మనాయుడి వారసుడు. మీసం, పౌరుషం, తొడ కొట్టడం. బందెలదొడ్డి లెక్క, కరువు లెక్క, తీర్మానం తేదీ అందులో ఉండవు. వీరుణ్ణి చేసి పోరాటాన్ని పోగొట్టుకోవడం ఇలాగే జరుగుతుంది.

ఇప్పుడు గరిమెళ్ళ దగ్గరికి వస్తాను. పైన చీటీ అంటించే విమర్శను విసుక్కున్నాను గాని, గరిమెళ్ళ పాటను తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. 'మాకొద్దీ తెల్ల దొరతనము' పాటలో మిగతా కవులెవరూ పట్టుకోని ఒక విషయాన్ని ఆయన పట్టుకున్నాడు. అన్నం దొరకకపోవడాన్నీ, ఉప్పు ముట్టుకుంటే నేరం కావడాన్నీ పక్కపక్కనే చెప్పాడు. దండి యాత్ర జరిగింది 1930లో. గరిమెళ్ళ ఈ పాట కట్టింది 1921 ప్రాంతంలో. తొమ్మిదేళ్ళ ముందే ఒక బడిపంతులు, ఏ పన్ను మీద దేశమంతా ఏకమవుతుందో పాటలో చెప్పేశాడు. పంతులు గనుక చెప్పగలిగాడేమో. జీతం చిన్నదైనవాడికి ఉప్పు ధర కంఠతా వచ్చి ఉంటుంది!

ఉప్పు పన్నుకు ఒక ప్రత్యేకత ఉంది. ఇల్లు లేనివాడు ఇంటి పన్ను కట్టడు. భూమి లేనివాడు శిస్తు కట్టడు. ఉప్పు పన్ను మాత్రం గంజి తాగే ప్రతివాడూ కడతాడు. కడుతున్నట్టు వాడికి తెలియదు కూడా. పన్ను ధరలో కలిసిపోయి ఉంటుంది. అలాంటి పన్నును 'కట్టను' అనడానికి ఎదురుగా తహసీల్దారు లేడు, నోటీసు లేదు, వేలం లేదు. 1846లో అమెరికాలో తలపన్ను కట్టనన్నందుకు థోరో ఒక రాత్రి జైల్లో ఉన్నాడు. ఎవరో ఆయన తరఫున పన్ను కట్టేస్తే మర్నాడు బయటికి వచ్చాడు. 1849లో తన ప్రసిద్ధ వ్యాసాన్ని అచ్చువేశాడు. అది ఒక అంతరాత్మ గలవాడి నిరాకరణ. బానిసత్వాన్నీ మెక్సికో యుద్ధాన్నీ పోషించే ప్రభుత్వానికి నా డబ్బు ఇవ్వనన్నాడు, గొప్ప మాట. కాని అక్కడ కూడా నిరాకరించడానికి పన్ను వసూలుదారు ఎదురుగా ఉన్నాడు. ఉప్పు విషయంలో మనిషికి మిగిలిన దారి ఒక్కటే, తానే ఉప్పు వండుకోవడం. పన్ను మానేయడం ఉత్పత్తి చేయడంగా మారుతుంది. కూలివాడు కూడా పాల్గొనగలిగిన నిరాకరణ ఇది. పన్నుల చరిత్రలో ఇది ఎంత పెద్ద మలుపో మన ఉప్పు సత్యాగ్రహ గేయాలు చదివితే తెలియదు. అవి సముద్రాన్నీ గాంధీ కర్రనూ వర్ణించి ఊరుకున్నాయి.

ఈ చిక్కు పాతబడిపోలేదు. 2017 జూలై నుంచి జీఎస్టీ అమలులోకి వచ్చినప్పుడు చేనేత వస్త్రం మీద కూడా 5 శాతం పన్ను పడింది. 1921లో చీరాల నేతగాడు ఊరి హద్దు దాటి పన్నును తప్పించుకోగలిగాడు. ధరలో కూర్చున్న పన్నుకు హద్దురాయి ఎక్కడ నాటి ఉంది? ఈ ప్రశ్న మీద కథ రాయదలచిన యువ రచయితలు బాపట్ల జిల్లాలో ఒక వారం తిరిగితే నా వ్యాసం చదవడం కంటె ఎక్కువ లాభం.

తెలంగాణ సాహిత్యంలో ఈ దృష్టి మొదటినుంచీ కొంత పదునుగా ఉంది. అక్కడ వెట్టి అంటే ఒంటి మీద వేసిన పన్ను. అది భూమి ఉన్నా లేకపోయినా పడుతుంది. కాబట్టి 'మా భూమి' నాటకంలోగాని, వట్టికోట ఆళ్వారుస్వామి 'ప్రజల మనిషి'లోగాని ధిక్కారం కింది మెట్టు నుంచే మొదలవుతుంది. ఇది విడిగా చర్చించవలసిన విషయం. ఇక్కడ కోస్తా సంగతికే పరిమితమవుతాను.

కోస్తాలో ఈ ప్రశ్నలన్నీ ఎదుర్కొన్న పుస్తకం ఒకే ఒక్కటి. విచిత్రమేమంటే పన్నుల నిరాకరణ దాని ఇతివృత్తం కాదు. అదే ఉన్నవ లక్ష్మీనారాయణ 'మాలపల్లి'. ఐర్లండులో బారిష్టరు చదువుకున్న ఉన్నవ, 1921లో పలనాటి పరిస్థితులు చూసి రమ్మని జిల్లా కాంగ్రెసు పంపినవారిలో ఒకరు. ఆ పలనాటి వ్యవహారంలోనే ఆయనకు జైలుశిక్ష పడింది. రాయవెల్లూరు జైల్లో కూర్చుని 1922లో ఈ నవల రాశాడు. పుల్లరి పోరాటం వల్ల జైలుకు పోయినవాడు పుల్లరి మీద నవల రాయలేదు. మంగళాపురం మాలపల్లె మీద రాశాడు. ఎందుకు?

నా ఊహ ఇది. పన్నుల ఉద్యమంలో తిరిగినవాడికి కట్టేవాళ్ళూ కట్టనివాళ్ళూ కనబడతారు. కాస్త కళ్ళు పెద్దవి చేసుకుంటే, కట్టే అర్హత కూడా లేనివాళ్ళు వెనక వరసలో కనబడతారు. ఉన్నవ వాళ్ళను చూశాడు. చౌదరయ్య ప్రభుత్వానికి కట్టేది శిస్తు. సంగదాసు చౌదరయ్యకు కట్టేది తన శ్రమ. రెండో దానికి రశీదు కూడా లేదు. నవలలో కూలీలను కదిలించే తగాదా కూలి గింజల రూపంలో ఇవ్వాలా, డబ్బు రూపంలో ఇవ్వాలా అన్నది. ధాన్యం ధర పెరిగిన ఏడు డబ్బుగా ఇవ్వడం రైతుకు లాభం, కూలికి ఆకలి. కూలీలు పనిలోకి రామంటారు. ఇదీ నిరాకరణే. సర్కారు వేసిన పన్నును కట్టనన్న రైతు న్యాయమే, తన చేలో తన మీదే తిరిగి లేచింది. ఆ న్యాయాన్ని చౌదరయ్య ఒప్పుకోడు. సంగదాసు ప్రాణం అతని చేతిలోనే పోతుంది. 1922లో, పెదనందిపాడు వేడి ఇంకా చల్లారని గుంటూరు జిల్లా నుంచి, ఈ మాట చెప్పడానికి గుండె కావాలి. తెల్ల ప్రభుత్వం ఈ పుస్తకాన్ని నిషేధించిన సంగతి అందరికీ తెలుసు. ఆనాటి మోతుబరి దేశభక్తులకు కూడా ఇది అంత రుచించి ఉండదనే నా అనుమానం.

నవలలో లోపాలు లేవని అనను. ఉపన్యాసాలు పేజీల కొద్దీ నడుస్తాయి. రామదాసు వేదాంతం ఒక్కోచోట కథ కాళ్ళకు అడ్డం పడుతుంది. అతని శాంతమూ, తక్కెళ్ళ జగ్గడుగా మారిన వెంకటదాసు దండు దెబ్బలూ ఒకే ఇంట్లోంచి బయలుదేరతాయి. మార్క్సిస్టు విమర్శకులు కొందరు జగ్గడి పక్షం వహించి రామదాసును గాంధేయవాదపు మత్తుగా కొట్టిపారేశారు. గాంధేయులు కొందరు జగ్గణ్ణి రచయిత పొరపాటుగా చూశారు. నాకు రెండూ ఒప్పవు. పన్నుకు ఎదురు నిలిచినవాడికి ఆస్తి ఉంటే జప్తు అవుతుంది. ఆస్తి లేకపోతే జప్తు చేయడానికి ఒళ్ళొక్కటే మిగులుతుంది. ఆ ఒళ్ళును జైలుకు అప్పగించాలా, అడవికి అప్పగించాలా అన్నదే ఆ తండ్రీకొడుకుల మధ్య తగువు. ఉన్నవ ఈ తగువు తీర్చలేదు. తీర్చలేకపోయాడు అనేవారున్నారు. పలనాడు చూసి వచ్చి జైల్లో కూర్చున్నవాడు, తీర్మానం ఆగిన చోట తూటా మొదలవడం తెలిసినవాడు, ఏ పక్షాన తీర్పు రాయగలడు? జైలు జీవితాన్ని చిత్రించిన చివరి భాగాలను ఈ ప్రశ్నను మనసులో పెట్టుకుని మళ్ళీ చదవవలసిందిగా, 'మాలపల్లి' మీద సిద్ధాంత వ్యాసాలు రాస్తున్న విద్యార్థులను కోరుతున్నాను. ముద్రణకూ ముద్రణకూ మధ్య, నిషేధం ఎత్తివేసేటప్పుడు ప్రభుత్వం తీసేయించిన భాగాలేవో పక్కపక్కన పెట్టి చూసుకుని మరీ చదవాలి. సర్కారు కత్తెర ఏ మాట దగ్గర ఎక్కువ భయపడిందో అక్కడ తెలుస్తుంది.